దుకాణానికి సీసీ కెమెరాలు: దొంగ మొహం కనిపించేలా అమర్చుకోవడం ఎలా?

పొద్దున్నే షట్టర్ తీస్తే గల్లాపెట్టె ఖాళీ. అందరూ మానిటర్ చుట్టూ మూగుతారు. వెనక్కి తిప్పుతారు, ముందుకు తిప్పుతారు. రాత్రి రెండున్నరకు ఒక మనిషి లోపలికి వచ్చాడు, నాలుగు నిమిషాలు ఉన్నాడు, వెళ్ళిపోయాడు. అంతా రికార్డయింది, మొహం తప్ప. తెర మీద కనిపించేది టోపీ పైభాగం, దాని కింద బూడిదరంగు మసక. పైగా మూల మీద చూపించే టైము పదిహేడు నిమిషాలు తప్పు.

కెమెరాలు బిగించే పనిలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. అక్కడ కెమెరాలకేమీ కొదవ లేదు. ఏ కెమెరా ఏం చూపించాలో ఎవరూ అడగకుండానే, గోడకు ఖాళీ ఉన్నచోటల్లా ఒకటి తగిలించి వెళ్ళిపోయారు. అందుకని ఈ మార్గదర్శి అంతా ఒక ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: నష్టం జరిగిన మర్నాడు ఈ బొమ్మ నాకు ఏం చెప్పాలి? లెన్సు, డిస్కు, వైరు, పాస్‌వర్డు అన్నీ దాని నుంచే తేలతాయి.

ముందుగా ఒక మాట. కెమెరా పెడితే దొంగతనాలు ఆగిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నలభై ఏళ్ళ అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. కెమెరాలున్న చోట నేరాలు దాదాపు 13 శాతం తగ్గాయని తేల్చింది. వాహనాలు నిలిపే స్థలాల్లో ప్రభావం బాగా కనిపించింది. కొట్లాటలు, దాడుల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావమే లేదు. అంటే కెమెరా తాళానికి తోడే కానీ, తాళానికి బదులు కాదు. వెనక తలుపు గడియ బలహీనంగా ఉంటే ముందు దాన్ని మార్చండి, కెమెరా సంగతి తర్వాత.

1. కాగితం మీద గీయండి, ప్రశ్నలు రాయండి

దుకాణం నేలపటం చేత్తో గీసుకోండి. తలుపులు, కిటికీలు, బిల్లింగ్ కౌంటర్, ఖరీదైన సరుకు ఉండే అరలు, గోడౌన్, సరుకు దించే చోటు, రాత్రి వెలిగే దీపాలు, అన్నీ గుర్తించండి. తర్వాత ఒక్కో చోటుకి ఒక్కో ప్రశ్న రాయండి. ముఖద్వారం: లోపలికి వచ్చిన ప్రతి మనిషి మొహం స్పష్టంగా ఉందా? కౌంటర్: ఏ నోటు ఇచ్చారు, ఎంత చిల్లర తిరిగి ఇచ్చారు? గోడౌన్: లెక్కలో ఎన్ని పెట్టెలు, లోపలికి వచ్చినవి ఎన్ని? అరల మధ్య దారి: ఎవరు ఏ వైపు నడిచారు?

ఈ ప్రశ్నల్లో కొన్నింటికి మొహం కావాలి, కొన్నింటికి చేతులు, కొన్నింటికి కేవలం కదలిక చాలు. ఒకే కెమెరాతో మూడూ రాబట్టాలనుకోవడమే అసలు పొరపాటు. దుకాణమంతా ఒక్క ఫ్రేములో పట్టించే కెమెరా చూడ్డానికి బాగుంటుంది. కానీ అందులో అందరూ చీమలే.

ఎదురుగా కనబడని దొంగతనాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బిల్లు కొట్టి రద్దు చేయడం, సరుకు రాకుండానే వచ్చినట్టు సంతకం పెట్టడం, చెత్తబుట్టతో పాటు పెట్టె బయటికి పోవడం లాంటివి తాళం పగలగొట్టకుండానే జరిగిపోతాయి. కాబట్టి చెత్త బయటికి వెళ్ళే దారి మీద కూడా ఒక కన్ను ఉండాలి. చాలామంది మరచిపోయేది ఆ దారినే.

2. మెగాపిక్సెల్ కాదు, మీటరుకు ఎన్ని పిక్సెళ్ళో చూడండి

కెమెరా పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే మెగాపిక్సెళ్ళ సంఖ్య సగం సంగతే చెబుతుంది. ఆ పిక్సెళ్ళు ఎంత వెడల్పు మీద పరుచుకున్నాయన్నది మిగతా సగం. భద్రతా కెమెరాల అమరిక గురించి 2014లో వచ్చిన ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం దీనికి చక్కటి కొలత ఇచ్చింది. అక్కడ ఎవరో ఉన్నారని తెలియడానికి మీటరుకు 25 పిక్సెళ్ళు చాలు. వేసుకున్న బట్టల్లాంటి ఆనవాళ్ళు తెలియాలంటే సుమారు 62. ముందే తెలిసిన మనిషిని పోల్చుకోవాలంటే 125. ముక్కూమొహం తెలియని మనిషిని రేపు మళ్ళీ చూస్తే వాడే అని నిర్ధారించాలంటే 250.

మీటరుకు 250 అంటే, పదహారు సెంటీమీటర్ల వెడల్పున్న మొహం మీద 40 పిక్సెళ్ళు పడతాయి. అంతకంటే తగ్గితే బొమ్మను ఎంత పెద్దది చేసినా గళ్ళే పెద్దవవుతాయి, మొహం రాదు. మసక బొమ్మను మీట నొక్కి శుభ్రం చేసే విద్య సినిమాల్లోనే ఉంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్ళు. దాన్ని 250తో భాగిస్తే 7.68 మీటర్లు. దృశ్యం వెడల్పు అంతకు మించిందంటే మొహం గుర్తింపు పోయినట్టే. అడ్డంగా 2560 పిక్సెళ్ళుండే 4 మెగాపిక్సెల్ కెమెరాకు ఆ హద్దు 10.24 మీటర్లు. అడ్డంగా 3840 ఉండే 8 మెగాపిక్సెల్‌కు 15.36.

వెడల్పును తేల్చేది లెన్సు. దుకాణాల కెమెరాల్లో మామూలుగా ఉండే సెన్సర్‌తో, 2.8 మి.మీ. లెన్సు ఎంత దూరం చూస్తే దానికి దాదాపు రెట్టింపు వెడల్పు పడుతుంది. 4 మి.మీ. అయితే దూరానికి ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువ. 6 మి.మీ. అయితే దూరమంత కన్నా కొంచెం తక్కువ. 12 మి.మీ. అయితే సగం కూడా ఉండదు. అంటే 2.8 లెన్సున్న 2 మెగాపిక్సెల్ కెమెరా అపరిచితుడి మొహాన్ని నాలుగు మీటర్ల లోపే పట్టగలదు. అదే కెమెరాకు 6 మి.మీ. లెన్సు వేస్తే ఎనిమిది మీటర్ల దాకా పడుతుంది, కాకపోతే అటూ ఇటూ కనిపించేది తగ్గిపోతుంది. అమ్మేవాళ్ళు ఎక్కువగా చేతిలో పెట్టేది 2.8 లెన్సే. గదంతా కనిపిస్తుంది కాబట్టి కొనేవాళ్ళకు అది నచ్చుతుంది. మీ ముఖద్వారం కెమెరాకు 4 గానీ 6 గానీ అడగండి, లేదా లెన్సును చోటును బట్టి సర్దుకునే వేరిఫోకల్ రకం తీసుకోండి.

ఇంకో చిక్కు ఉంది. ఒకే సైజు సెన్సర్ మీద పిక్సెళ్ళు పెంచుతూ పోతే ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు తగ్గిపోతుంది. పగలు మెరిసిపోయే చవక 8 మెగాపిక్సెల్ కెమెరా రాత్రి చీకట్లో 4 మెగాపిక్సెల్ దాని ముందు తేలిపోవడం తరచూ చూసేదే. రాత్రి బొమ్మ చూడకుండా కొనకండి.

3. చోటు, ఎత్తు, కోణం

ఎవరూ అందుకోకుండా కెమెరాను పైకప్పుకు ఆనించి పెట్టమనడం సహజం. మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి కిందికి చూసే కెమెరాకు కనిపించేది బట్టతలలు, టోపీలు. మొహం కావాలంటే కెమెరా చూపు 15 డిగ్రీలకు మించి కిందికి వంగకపోతే మంచిది. రెండున్నర మీటర్ల ఎత్తున పెట్టిన కెమెరా, 1.6 మీటర్ల ఎత్తులో ఉన్న మొహాన్ని ఆ కోణంలో చూడాలంటే మనిషి సుమారు మూడున్నర మీటర్ల దూరంలో ఉండాలి. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, కెమెరాను తలుపుకు సరిగ్గా పైన ఎందుకు పెట్టకూడదో అర్థమవుతుంది. తలుపు నుంచి నాలుగైదు మీటర్లు లోపల, నడిచి వచ్చేవాళ్ళకు ఎదురుగా పెట్టండి. తలుపు పక్కన మనిషి ఎత్తుకు కాస్త పైగా ఏదైనా వస్తువు గానీ చిన్న తెర గానీ ఉంటే ఇంకా మంచిది. మనుషులు తలెత్తి అటు చూస్తారు. లోపలికి వచ్చేవాళ్ళకు వాళ్ళ బొమ్మే కనిపించే చిన్న మానిటర్ పెట్టడంలో ఉన్న కిటుకు ఇదే. తమను చూస్తున్నారన్న సంగతి తెలుస్తుంది, తలా పైకి లేస్తుంది.

అయితే లోపలి నుంచి గాజు తలుపు వైపు చూసే కెమెరాకు పగటిపూట బయటి ఎండ శత్రువు. వెనక వెలుతురు ఎక్కువైతే మొహం నల్లటి నీడగా మారుతుంది. దీనికోసమే డబ్ల్యూడీఆర్ అనే సదుపాయం ఉంది. వెలుగునూ చీకటినీ వేర్వేరుగా తీసి కలుపుతుంది. పెట్టె మీద 120 డెసిబెల్ అని ఉన్నది ఎంచుకోండి. ‘డిజిటల్ డబ్ల్యూడీఆర్’ అని మాత్రమే ఉంటే అది సాఫ్ట్‌వేర్‌తో బొమ్మను తెల్లబరచడమే, అసలుది కాదు.

కౌంటర్ దగ్గర రెండు చూపులు కావాలి. ఒకటి కొనుగోలుదారు మొహం, రెండోది డబ్బు చేతులు మారే బల్ల. రెండోదాన్ని బల్ల మీదుగా కొంచెం పక్క నుంచి కిందికి చూసేలా పెడితే నోటు రంగు, గల్లా తెరిచే చెయ్యి రెండూ పడతాయి. బిల్లింగ్ యంత్రం నుంచి వచ్చే బిల్లు వివరాలను వీడియో మీదే అక్షరాలుగా చూపించే సదుపాయం కొన్ని రికార్డర్లలో ఉంటుంది. రద్దయిన బిల్లులను వెతకడానికి అంతకు మించింది లేదు. ఒక హెచ్చరిక: కార్డు యంత్రం మీద కొనేవాళ్ళు పిన్ నొక్కే వేళ్ళు ఏ కెమెరాకూ కనిపించకూడదు. కోణం మార్చండి, లేదా ఆ ముక్క మీద సెట్టింగుల్లోనే నల్ల ముసుగు వేయండి.

మిగతా చోట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. అరల మధ్య దారులకు పొడవునా చూసే ఒక్కో కెమెరా. గోడౌన్ తలుపుకు ఒకటి. బయట సరుకు దించే చోట ఒకటి, అందుకోలేని ఎత్తులో. వీలైతే ఒక కెమెరా ఇంకో కెమెరాను చూస్తూ ఉండాలి, ఒకదాన్ని పాడుచేసినవాడు రెండోదాంట్లో పడతాడు. తిరిగే కెమెరాలు చిన్న దుకాణానికి అనవసరం అన్నది నా అభిప్రాయం. జరగాల్సింది జరిగేటప్పుడు అది ఎప్పుడూ ఇంకో వైపు తిరిగి ఉంటుంది.

ఉత్తుత్తి డబ్బా కెమెరాల గురించి కూడా అడుగుతారు. తెలిసినవాడు వాటిని చూడగానే పోల్చేస్తాడు. సిబ్బందికి అవి నకిలీవని తెలిసిపోవడానికి వారం పట్టదు. ఆ డబ్బుతో ఒక దీపం పెట్టండి, అసలు కెమెరాకు పనికొస్తుంది.

4. ఏ రకం వ్యవస్థ?

కేబుల్ టీవీకి వాడేలాంటి పాత కోయాక్సియల్ వైరు ఇప్పటికే గోడల్లో ఉంటే, డీవీఆర్ అనే రికార్డర్‌తో నడిచే అనలాగ్ హెచ్‌డీ కెమెరాలు తీసుకోండి. పాత వైరు మీదే 1080 రిజల్యూషన్ బాగానే వస్తుంది, దూరం కూడా వందల మీటర్లు లాగవచ్చు. కొత్తగా మొదలుపెడుతుంటే నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ కెమెరాలు, వాటి రికార్డర్ అయిన ఎన్‌వీఆర్. ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద కరెంటు, బొమ్మ రెండూ వెళ్ళే పీఓఈ పద్ధతి దుకాణాలకు చాలా అనువు. ఐపీ కెమెరా కొంటే ఆన్‌విఫ్ ప్రమాణాన్ని పాటిస్తుందో లేదో చూడండి. వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2008లో మొదలైన ఉమ్మడి ఏర్పాటు ఇది. రేపు ఒక కెమెరా పాడైతే అదే కంపెనీ వెనక పడాల్సిన అవసరం ఉండదు.

వైఫై కెమెరాలు ఒక చిన్న గదికి, అద్దెకున్న చోటికి పరవాలేదు. కానీ వైఫైని చెడగొట్టడం తెలిసినవాడికి కష్టం కాదు. బ్యాటరీ కెమెరాలైతే కదలిక తెలిశాకే నిద్ర లేస్తాయి. అవి కళ్ళు తెరిచేసరికి మనిషి తలుపు దాటి ఉంటాడు, రికార్డులో వీపే మిగులుతుంది. కౌంటర్‌కూ ముఖద్వారానికీ వైరున్న కెమెరాలే పెట్టండి.

5. వైరు, కరెంటు

నెట్‌వర్క్ కేబుల్ ఒక్క పరుగు 100 మీటర్లు మించకూడదు. కేబుల్ కొనేటప్పుడు నిఖార్సైన రాగి అని అడిగి తీసుకోండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన రకం చవక. పీఓఈ కరెంటు దాని మీద దూరం వెళ్ళేకొద్దీ పడిపోతుంది, వేడెక్కుతుంది, రాత్రి చీకట్లో చూడ్డానికి కెమెరాలోనే ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగ్గానే కెమెరా ఆగి ఆగి మొదలవుతుంది. పగలు బాగా పనిచేసి రాత్రి మాత్రమే మొరాయించే కెమెరా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది వైరునూ అడాప్టర్‌నూ. 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే కెమెరాలకు పొడవాటి సన్న తీగ లాగినా ఇదే తంతు.

కెమెరాల కేబుళ్ళన్నీ వచ్చి చేరే పెట్టె పీఓఈ స్విచ్. దాని మొత్తం సామర్థ్యం చూసుకోండి. 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు, కానీ చవక స్విచ్చులు అన్ని పోర్టులకూ ఒకేసారి అంత ఇవ్వలేవు. ఒక్కో కెమెరాకు ఆరేడు వాట్లు వేసుకుని, ఎన్ని కెమెరాలో లెక్క కట్టి, పైన కొంత మిగులు ఉంచండి.

కరెంటు పోయినా రికార్డింగ్ ఆగకుండా యూపీఎస్ తప్పనిసరి. రాత్రి దొంగ మొదట చేసే పని బయట మీటరు దగ్గర కరెంటు తీసేయడం కావచ్చు. ఎనిమిది కెమెరాలు, రికార్డర్ కలిపి 70 నుంచి 80 వాట్లు అనుకుందాం. చిన్న యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద 84 వాట్-అవర్లు. నష్టాలు పోను గంట కూడా నిలవదు. ఇంకా పెద్దది కావాలా అన్నది మీ చోట కరెంటు ఎంతసేపు పోతుందో దాన్ని బట్టి. రౌటర్‌నూ అదే యూపీఎస్‌కు తగిలించండి, లేకపోతే ఫోనుకు హెచ్చరిక రాదు.

రికార్డర్ ఎక్కడ? కౌంటర్ కింద కాదు. దొంగ దాన్నే పట్టుకుపోతే కథ ముగిసినట్టే. గాలి ఆడే ఇనప పెట్టెలో, తాళం వేసి, వెనక గదిలో పైన పెట్టండి. అంతకన్నా మంచిది, ముఖద్వారం, కౌంటర్ కెమెరాల కాపీ ఎప్పటికప్పుడు బయట వేరే చోటికి లేదా క్లౌడ్‌కు వెళ్ళే ఏర్పాటు. అన్ని కెమెరాలనూ పంపనక్కరలేదు, ఆ రెండు చాలు.

6. డిస్కు లెక్క

ఇది చాలామంది ఊహ మీద కొనేస్తారు, కానీ లెక్క సులభం. సెకనుకు 4 మెగాబిట్లు పంపే కెమెరా గంటకు 1.8 జీబీ, రోజుకు 43.2 జీబీ నింపుతుంది. అలాంటివి ఎనిమిది ఉంటే రోజుకు 345.6 జీబీ, ముప్పై రోజులకు 10 టీబీ దాటుతుంది. హెచ్.265 కుదింపు వాడి ఒక్కో కెమెరాను 2 మెగాబిట్లకు తెస్తే అందులో సగం, 5 టీబీ పైచిలుకు. రద్దీ ఉన్న దృశ్యం, ఊగే చెట్లు, రాత్రి బొమ్మలో చుక్కలు ఇవన్నీ డేటాను పెంచుతాయి కాబట్టి నాలుగో వంతు అదనం వేసుకోండి.

ఎన్ని రోజులు ఉంచాలి? మీ దుకాణంలో నష్టం ఎన్నాళ్ళకు బయటపడుతుందో అన్నాళ్ళకు. సరుకు లెక్క నెలకోసారి చూసేవాళ్ళకు ఏడు రోజుల రికార్డింగ్ ఉండీ లాభం లేదు. తేడా తెలిసేసరికి సాక్ష్యం చెరిగిపోయి ఉంటుంది. అయితే మీ దేశపు చట్టం ఒప్పుకునే కాలం కూడా చూసుకోవాలి, ఆ సంగతి కింద వస్తుంది.

మామూలు కంప్యూటర్ డిస్కు వేయకండి. రాత్రింబవళ్ళు ఆగకుండా రాయడానికే తయారైన నిఘా రకం డిస్కులు వేరే ఉంటాయి. మామూలు డిస్కు ఈ పనిలో త్వరగా అరిగిపోతుంది, పైగా చెప్పా పెట్టకుండా ఆగిపోతుంది.

7. సెట్టింగులు: ముందు గడియారం

తప్పు టైముతో ఉన్న ఫుటేజీ మీద ఎదుటి వకీలు చాలా సులభంగా అనుమానం రేపగలడు. రికార్డర్‌లో ఎన్‌టీపీ అనే ఆటోమేటిక్ టైము ఆన్ చేయండి, టైమ్ జోన్ సరిచూడండి, కెమెరాలన్నీ రికార్డర్ టైమునే తీసుకునేలా పెట్టండి.

సెకనుకు 25 ఫ్రేములు అవసరం లేదు. 12 నుంచి 15 చాలు. కౌంటర్ మీద చేతుల కెమెరాకు మాత్రం కాస్త ఎక్కువ ఇవ్వండి. దానికన్నా ముఖ్యం షట్టర్ వేగం, అంటే ఒక్కో బొమ్మకు కెమెరా తన కన్ను ఎంతసేపు తెరిచి ఉంచుతుందన్నది. చీకట్లో బొమ్మ వెలుగుగా కనిపించాలని కెమెరా షట్టర్‌ను నెమ్మది చేసేస్తుంది. నిలబడిన మనిషి బాగా కనిపిస్తాడు, నడిచేవాడు పొగలా సాగిపోతాడు. ముఖద్వారం కెమెరాలో షట్టర్ సెకనులో వందో వంతు కంటే నెమ్మదించకుండా కట్టేయండి. బొమ్మ చీకటిగా ఉంటే దీపం పెంచండి, షట్టర్‌ను తాకకండి. ట్యూబులైట్ల కింద బొమ్మ మిణుకుమిణుకుమంటుంటే 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ సెట్టింగ్‌ను మీ కరెంటు సరఫరాకు తగ్గట్టు మార్చితే సరిపోతుంది.

పనివేళల్లో నిరంతర రికార్డింగ్, మూసిన తర్వాత కూడా నిరంతరమే. కదలిక ఉంటేనే రికార్డ్ చేసే పద్ధతి డిస్కు మిగిలిస్తుంది కానీ కీలకమైన మొదటి క్షణాలు వదిలేయగలదు. కదలిక హెచ్చరికలు మాత్రం మూసే వేళల్లో ఫోనుకు వచ్చేలా పెట్టండి, మనిషి ఆకారాన్నే గుర్తించే ఐచ్ఛికంతో. లేకపోతే రాత్రంతా సాలీడే ఫోన్ చేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెచ్చదనానికి, దాని చుట్టూ మూగే పురుగుల కోసం సాలెపురుగులు కెమెరా మీదే గూళ్ళు కడతాయి. గాజు వెనక పెట్టిన కెమెరాకు కూడా ఇన్‌ఫ్రారెడ్ పనికిరాదు. ఆ వెలుగు గాజు మీద పడి తిరిగొచ్చి బొమ్మంతా తెల్లబారుతుంది.

8. కెమెరాకు కూడా తాళం వేయండి

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో ఆక్రమించింది. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి వాటిని పెద్ద సంఖ్యలో ఒకేసారి ఎగదోయడంతో, వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలకు కలిపే డైన్ అనే సంస్థ సేవలు దెబ్బతిని అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లెన్నో గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ కెమెరాల యజమానుల్లో చాలామందికి తమ కెమెరా ఆ పని చేసిందని తెలిసి కూడా ఉండదు. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి అలాంటి ఊహించగల పాస్‌వర్డులతో పరికరాలు అమ్మడాన్నే నిషేధించింది.

కాబట్టి ప్రతి కెమెరాకూ, రికార్డర్‌కూ కొత్త పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి. బిగించినవాళ్ళ దగ్గర ఉన్న అడ్మిన్ ఖాతా మీ చేతికి తీసుకోండి. పరికరాలు అడగ్గానే బయటికి దారి తెరిచేసే యూపీఎన్‌పీ అనే సెట్టింగ్‌ను రౌటర్‌లో ఆపేయండి. బయటి నుంచి చూడాలంటే రౌటర్‌లో పోర్టులు తెరవడం కాకుండా వీపీఎన్ అనే రహస్య దారి గానీ, రెండంచెల ధ్రువీకరణ ఉన్న తయారీదారు యాప్ గానీ వాడండి. కెమెరాలను బిల్లింగ్ యంత్రాలున్న నెట్‌వర్క్‌లో, కొనేవాళ్ళకు ఇచ్చే వైఫైలో కలపకండి. వీల్యాన్ అనే విడి విభాగంలో పెట్టండి, అది కుదరకపోతే వేరే రౌటర్ అయినా సరే. ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) నవీకరణలు మూడు నెలలకోసారి చూడండి. ఎవరైనా పని మానేసిన రోజున వాళ్ళ లాగిన్ కూడా ఆ రోజే తీసేయండి.

9. చూడకూడనివి

మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, సిబ్బంది విశ్రాంతి తీసుకునే చోటు: వీటిలో కెమెరా ఆలోచనే వద్దు. పక్కవాళ్ళ గుమ్మం, కిటికీ ఫ్రేములోకి వస్తుంటే ముసుగు వేయండి. మాటలు రికార్డ్ చేయడం మీద చాలా దేశాల్లో బొమ్మ కంటే కఠినమైన నియమాలున్నాయి. మైకు ఆపేసి ఉంచడమే క్షేమం.

నిఘా ఉందని, ఎవరి అధీనంలో ఉందో, ఎవరిని అడగాలో తెలిపే బోర్డు తలుపు దగ్గరే, లోపలికి రాకముందే కనిపించేలా పెట్టండి. సిబ్బందికి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఏ కెమెరా ఎందుకుందో తెలిసిన సిబ్బంది దాన్ని తమ రక్షణగా కూడా చూస్తారు. తప్పుడు ఆరోపణ వచ్చిన రోజు ఆ ఫుటేజీయే వాళ్ళను కాపాడుతుంది. నిలువ కాలం మీద నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద, 72 గంటలకు మించి ఉంచేకొద్దీ అందుకు తగిన కారణం చూపాలని అక్కడి డేటా రక్షణ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ దగ్గర నియమం ఏమిటో డిస్కు కొనేముందే కనుక్కోండి.

మొహాన్ని ఆటోమేటిక్‌గా గుర్తించే సాఫ్ట్‌వేర్ ఎవరైనా అమ్మజూపితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అమెరికాలో రైట్ ఎయిడ్ అనే పెద్ద మందుల దుకాణాల సంస్థ దాన్ని వాడి అమాయకులను దొంగలుగా చూపిందన్న ఆరోపణపై, 2023 డిసెంబరులో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అయిదేళ్ళ పాటు ఆ సాంకేతికత వాడొద్దని కట్టడి చేసింది.

10. మీరే దొంగై చూడండి

బిగించినవాళ్ళకు చివరి విడత డబ్బు ఇచ్చేముందు ఈ పరీక్ష చేయండి. రాత్రి, మూసే వేళ వెలిగే దీపాలతోనే. ఒకరు టోపీ పెట్టుకుని మామూలు వేగంతో తలుపు నుంచి కౌంటర్ దాకా, అక్కడి నుంచి గోడౌన్ దాకా నడవాలి. తర్వాత లైవ్ బొమ్మ కాదు, రికార్డ్ అయిన దాన్ని తెరిచి చూడండి. లైవ్‌లో బాగున్నది కుదింపు తర్వాత రికార్డులో చెడిపోవచ్చు. బొమ్మ ఆపి, మీకు ఆ మనిషి తెలియదనుకుని, మొహం చెప్పగలరా చూడండి. కౌంటర్ మీద రెండు వేర్వేరు నోట్లు పెట్టి ఏది ఏదో తెలుస్తుందో చూడండి. మధ్యాహ్నం ఎండ తలుపు మీద పడే వేళ ఇంకోసారి. మెయిన్ స్విచ్ తీసేసి ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టుకుని చూడండి.

తప్పినచోట లెన్సు మార్చమనండి, ఎత్తు దించమనండి. ఆ రోజే చేస్తారు. మూడు నెలల తర్వాత పిలిస్తే రారు.

ఆ తర్వాత నెలకోసారి పావుగంట: లెన్సులు మెత్తటి గుడ్డతో తుడవడం, గడియారం సరిచూడడం, డిస్కు ఆరోగ్యం చూడడం, ఇరవై రోజుల కిందటి ఏదో ఒక గంటను తెరిచి అది నిజంగా ఉందో లేదో చూడడం. తెర మీద ఎనిమిది బొమ్మలు కదులుతున్నాయంటే రికార్డవుతున్నాయని అర్థం కాదు. డిస్కు ఆగిపోయి నెలలైనా లైవ్ మాత్రం చక్కగా వస్తూనే ఉంటుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, ఆ సంగతి అవసరమైన రోజే తెలుస్తుంది.

11. జరిగిన రోజు

ముందు మనుషులు క్షేమమా చూడండి. దొంగ ముట్టుకున్నవి ముట్టుకోకండి. తర్వాత రికార్డర్ దగ్గరికి వెళ్ళి, ఆ సమయానికి అరగంట ముందు నుంచి అరగంట తర్వాత దాకా అన్ని కెమెరాల ఫుటేజీ చెరిగిపోకుండా లాక్ చేయండి. దొంగ సరుకు చూసి వెళ్ళడానికి ముందు రోజుల్లోనే వచ్చి ఉండొచ్చు, ఆ రోజులనూ కాపాడండి. డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది, రేపు చూద్దాం అనుకునే వ్యవధి ఉండదు.

మానిటర్‌ను ఫోనుతో వీడియో తీసి పంపడం సాక్ష్యం కాదు, వాట్సాప్‌లో పంపిన ముక్క అసలే కాదు. రికార్డర్ సొంత ఫార్మాట్‌లోనే, దాన్ని తెరిచే ప్లేయర్‌తో సహా రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎగుమతి చేయండి. ఒకటి దర్యాప్తుకు, ఒకటి మీ దగ్గర. ఫైలుకు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ అనే సంఖ్యను తీసి రాసుకోండి. ఆ తర్వాత ఎవరైనా ఒక్క ఫ్రేము మార్చినా ఆ సంఖ్య మారిపోతుంది. రికార్డర్ టైముకూ ఫోను టైముకూ తేడా ఎంతుందో చూసి ఆ కాగితం మీదే రాయండి. ఎవరు, ఎప్పుడు, ఏ కెమెరాల నుంచి తీశారు, ఎవరి చేతికి ఇచ్చారు, ఇచ్చినవారి, తీసుకున్నవారి సంతకాలు. కొన్ని చోట్ల న్యాయస్థానం డిజిటల్ సాక్ష్యానికి ధ్రువపత్రం అడుగుతుంది. ఈ కాగితం అప్పుడు దానికి ఆధారమవుతుంది.

అనుమానితుడి మొహాన్ని సోషల్ మీడియాలో పెట్టాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. వాడు కాకపోతే కేసు మీ మీద పడుతుంది, వాడే అయితే పారిపోయే సమయం ఇచ్చినట్టవుతుంది.

దర్యాప్తు అధికారులు రికార్డర్‌నే తీసుకుపోతామంటే సీరియల్ నంబరుతో సహా రసీదు అడగండి. ముందుగా మీ పెన్‌డ్రైవ్ కాపీ పదిలంగా ఉందో చూసుకోండి. అదే సాయంత్రం వేరే రికార్డర్ తెచ్చి తగిలించండి. ఒకసారి దారి తెలిసినవాడు మళ్ళీ అటే రావచ్చు.